తులసి గద్దెలో రామేశ్వరం

రామేశ్వరం,
27 అక్టోబరు 1995.

మహాలక్ష్మీ సమానురాలైన సూర్యప్రభ అత్తయ్య పాదాలకు, బి.కాం. రెండో తరగతిలో పాసై, ఉద్యోగం మాత్రం ఏ తరగతిలోనూ దొరకని మేనల్లుడు శ్రీపాద సాష్టాంగపడి విన్నవించుకునేది.

నీ కన్నతల్లి, అనగా మా నాయినమ్మ, అనగా హుస్సేనీ ఆలం కాశమ్మగారు, నిన్న పొద్దున రామేశ్వరం చేరుకున్నారు. వెంట నేనూ చేరుకున్నాను గాని ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

పాంబన్ వంతెన మీద రైలు మన గల్లీలో పెళ్ళి ఊరేగింపు కన్నా నెమ్మదిగా పోతుంది. కిటికీలోంచి కిందికి చూస్తే నేల లేదు, గోడ లేదు, నీళ్ళే. నేను కళ్ళు మూసుకుని నాకు వచ్చిన ఒక్క స్తోత్రం సగం వరకు చదివాను. మిగతా సగం రాదు. నాయినమ్మ తల బయటపెట్టి చూసి, "ఎన్ని గండిపేటలు పోస్తె గిది నిండుతదిరా?" అంది. డెబ్బై ఏళ్ళలో ఆమె చూసిన పెద్ద నీళ్ళు గండిపేట చెరువే కదా, పాపం.

గుడిలో ఇరవైరెండు బావులున్నాయి. ఒక్కో బావి గట్టు మీద ఒక మనిషి బకెట్‌తో నిలబడి, కింద తడిసి ముద్దై పోయే భక్తుల నెత్తిన గుమ్మరిస్తాడు. ఒకచోట సగం బకెట్టే పడిందని మీ అమ్మగారు ఆగిపోయారు. వెనకాల క్యూ మొత్తం ఆగిపోయింది. "క్యా భాయ్, ఆధాచ్ డాల్తే? పూరా డాలో!" అని గద్దించింది. ఆ తమిళాయనకు మన పాతబస్తీ ఉర్దూ ఏం తెలిసిందో గాని హడలిపోయి రెండు బకెట్లు పోశాడు. రెండోది నా మీద.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేశాను. పక్కింటివాళ్ళు "సూర్యప్రభ నల్లా కాడుంది, పిలుస్తం ఆగు" అన్నారు. నువ్వొచ్చేలోగా ఎస్టీడీ మీటరు గిరగిరా తిరగడం చూసి నాయినమ్మ నా చేతిలోంచి ఫోన్ లాగి పెట్టేసింది. కనుక ఈ కార్తీక మాసమంతా ఉత్తరాలే గతి.

ఒక్క మాట నవ్వకుండా రాస్తాను. ఇక్కడి సేతు ఇసుకను తీసుకెళ్ళి ప్రయాగలో గంగలో కలపాలి కదా. నాయినమ్మ మోకాళ్ళకు అంత దూరం కాదని మీరంతా కూర్చుని తీర్మానించారు. వచ్చే నెలాఖరుకు వేణుగోపాల్ మామ ఆఫీసువాళ్ళు దారి ఖర్చులకిచ్చిన ఎల్టీసీ మీద మీ ఇద్దరూ అలహాబాదు పోతున్నారు గనుక, ఆమె ఇసుక మీరే కలుపుతామన్నారు. ఆమె సరేనంది. కాని నిన్న సాయంత్రం ఒడ్డున కూర్చుని, "ఎవరి ఇసుక వాళ్ళు తీస్కపోతె మంచిగుండు" అంది. నాతో కాదు, సముద్రంతో.

పాతది కూలిన చోటే కట్టిస్తున్న నీ తులసి గద్దె ఎంతవరకొచ్చింది? ఇసుక లారీ రాలేదని ఫికర్ చేయకు. ఇక్కడ ఊరంటేనే ఇసుక. ఓ సంచి నిండా పంపిస్తాను, అందాకా సోమయ్య మేస్త్రిని బీడీ తాగుతూ కూర్చోమను.

సత్రంలో ఇడ్లీ దివ్యంగా ఉంది. ఇక్కడే సన్యాసం పుచ్చుకునే ఆలోచనలో ఉన్నాను.

ఇట్లు, బావుల నీళ్ళకు పాపాలతోపాటు గొంతు కూడా పోగొట్టుకున్న,
శ్రీపాద


హుస్సేనీ ఆలం,
3 నవంబరు 1995.

చిరంజీవి శ్రీపాదను అత్తయ్య దీవించి రాసేది.

నీ ఉత్తరం నిన్న ముట్టింది. నీకు దండం పెడత, ఇంకోసారి సన్యాసం ముచ్చట రాయకు. మీ మామ ఉత్తరం పైకి చదువుతుంటె మీ నాయిన గూడ ఈడనే ఉన్నడు. "ఇడ్లీ కోసం ఇల్లిడిచిపెట్టేటోడు మన ఇంట్ల పుట్టిండా" అని ఒకటే లొల్లి. జోకు అన్నా, జోకు అని నేను నెత్తి నోరు కొట్టుకుని చెప్పిన. నమ్మిండు గాని, అంతకు ముందే బయటికిపోయి నీకు చూసిన జహనుమా సంబంధమోళ్ళకు "పిలగాడు కొంచెం వైరాగ్యంల ఉన్నడు, ఆగుండ్రి" అని చెప్పొచ్చిండట. ఇగ నువ్వే చూస్కో.

అమ్మను సముద్రంల చెయ్యి ఇడువకు. ఇసుకల ఎక్కువ నడిపియ్యకు. మోకాళ్ళ నూనె సీసా సంచి అడుగున పెట్టిన, రోజు రాయి. ఇంట్ల దీపం పెట్టే దేవునర్రల నుంచి వాకిట్లకు వచ్చేసరికే "అబ్బా" అంటది, నీకు తెల్వనిదా? ప్రయాగ వద్దంటె నన్నేదో పగదాన్ని చూసినట్టు చూసింది. నాకు మాత్రం తీస్కపోవాలని ఉండదా? ఆ జనంల, ఆ మెట్ల మీద, ఆమె కాలు జారితె నేనేం గావాలె? అమ్మ వచ్చేటప్పుడు ఒక పిడికెడు ఇసుక పసుపు గుడ్డల కట్టుకుని తెస్తది గద, నా సూట్‌కేసుల దానికి ఇప్పట్నుంచే జాగ ఉంచిన.

ఇసుక లారీ ఇంకా రాలె. ఇటుకలు పేర్చి వారమైంది, పైన సిమెంటు పూసి గిలాబు చేయనీకి పిడికెడు ఇసుక లేదు. రేపు క్షీరాబ్ది ద్వాదశి. మొండి గోడ ముందల్నే దీపం పెట్టాలె. "ఇసుక లేంది నేనేం జేయాలెనమ్మా" అని సోమయ్య నా మీదికే వస్తుండు. నువ్వన్నట్టు నీ రామేశ్వరం ఇసుకనే దిక్కయేటట్టుంది మాకు.

మన గల్లీ బాలకిషన్ అన్న, వాళ్ళామె వచ్చే వారం అక్కడికి వస్తున్నరు. నిమ్మకాయ తొక్కు పంపుతున్న. అమ్మకు ఉప్పు తక్కువ పెట్టు. నువ్వు తినేది నీ ఇష్టం, సన్యాసివి గద.

ఆశీస్సులతో,
అత్తయ్య


రామేశ్వరం,
11 నవంబరు 1995.

వైరాగ్యం నయమైన శ్రీపాద, అత్తయ్యకు నమస్కరించి రాయునది.

జహనుమావాళ్ళకు చెప్పండి, తొక్కు సీసా అందగానే సంసారం మీద ఆశ తిరిగొచ్చిందని.

ఈ ఉత్తరంలో మాత్రం ఇదే ఆఖరి జోకు. ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు.

మొన్న బాలకిషన్ అన్నవాళ్ళతో కలిసి ధనుష్కోడి పోయాం. అక్కడికి రోడ్డు లేదు. చేపల వ్యాన్‌లో కూర్చుని ఇసుక మీదే పోవాలి. ముప్పై ఏళ్ళ కింద తుఫాను ఊరిని మింగేసిందట, మొండి గోడలు మిగిలాయి. వ్యాను ఆగిన చోటు నుంచి రెండు సముద్రాలు కలిసే కొస వరకు నడక. నేను నాయినమ్మ చెయ్యి పట్టుకుందామని చూస్తే ఆమె అప్పటికే ముందుంది. బాలకిషన్ అన్న రొప్పుతూ, "అమ్మా, జర ఆగే, ఏడికి ఉరుకుతున్నవ్" అని వెనక నుంచి కేకలు. ఒట్టు, నిజం.

అక్కడ పంతులు సంకల్పం చెప్పి, ఇసుకను మూడు ముద్దలు చేయించి పూజ చేయించాడు. రెండు ముద్దలు సముద్రంలో కలిపి, మూడోది ప్రయాగకు ఉంచుకోవాలి. పిడికెడు అయితే సరిపోయేది. కాని మీ అమ్మగారు బయల్దేరే ముందు గల్లీలో ఆడవాళ్ళందరికీ మాటిచ్చి వచ్చారట. కళావతి పేరు మీద ఒక దోసిలి, సుగుణమ్మ పేరు మీద ఒక దోసిలి, పోయినేడు ఖాళీ చేసిపోయిన కిరాయివాళ్ళ పేరు మీద కూడా ఒక దోసిలి. మూడో ముద్ద కాస్తా సంచెడైంది. దాన్ని మోసుకుని మద్రాసులో రైలు మారడం మా వల్ల కాదని, ఈ రోజు బయల్దేరుతున్న బాలకిషన్ అన్నకు ఇచ్చి పంపుతున్నాను. వేరే ఏదీ దొరక్క బియ్యం సంచిలోనే పోశాం. ఇచ్చేటప్పుడు నాయినమ్మ సంచి మూతి కట్టి, విప్పి, చేత్తో ఇసుక తడిమి, మళ్ళీ కట్టింది.

"గిది మస్తు పవిత్రమైంది, దేవునర్రల పెట్టుమను" అని అన్నకు పదే పదే చెప్పాను. ప్రయాగకు మీ వెంట పోవలసిన ఇసుక అదే. జాగ్రత్త.

నవ్వకుండా ఇంత రాసేసరికి చెయ్యి నొప్పి పుట్టింది.

ఉంటాను,
శ్రీపాద


హుస్సేనీ ఆలం,
15 నవంబరు 1995.

బంగారు మేనల్లుడు శ్రీపాదకు అత్తయ్య వెయ్యి దీవెనలు.

నిన్ను ఎన్ని తిట్లు తిట్టిన్నో అన్నీ వాపస్ తీస్కుంటున్న. నువ్వు జోకుకు రాసినవనుకున్న గాని, నిజంగనే సంచెడు ఇసుక పంపుతవని కలల గూడ అనుకోలె!

నిన్న బాలకిషన్ అన్న సంచి దించి, చెమట తుడుచుకుని, "చెల్లె, శ్రీపాద చెప్పిండు. గిది మస్తు పవిత్రమైన ఇసుకనట, దేవునర్రల పెట్టాల్నట" అన్నడు. మేమందరం పడీ పడీ నవ్వినం. "బియ్యం సంచెడు ఇసుకకు హారతి ఇయ్యమంటడు పోరడు" అని మీ మామ అయితె కుర్చీలకెల్లి కింద పడబోయిండు. బాలకిషన్ అన్న ముఖం చిన్నగ చేసుకుని, "నాకేం తెల్వది, చెప్పుమన్నడు, చెప్పిన" అని పోయిండు. ఆయనను గూడ నమ్మించినవు, నీ నాటకం పాడుగాను.

సోమయ్య ఇసుక చేతిల పోస్కుని చూసి, "సముద్రందమ్మా, ఉప్పుంటది, గిలాబు నిలువది" అన్నడు. నేను వింటనా? కడుగుమన్న. డ్రమ్ముల పోసి నాలుగు నీళ్ళు కడిగి, ఆరబెట్టి, జల్లెడ పట్టి ఇయ్యాల మాపటికి గిలాబు చేసిండు. ఏం నున్నగ వచ్చిందో! నాలుగు దిక్కుల దీపం గూళ్ళు పెట్టిండు. ఒక్క రవ్వ గూడ మిగల్లె, అతికినట్టు సరిపోయింది. తులసిని గూడ నాటిన.

అమ్మకు చెప్పు, వచ్చేసరికి ఆమె గద్దె తయారుంటది. ఆమె తెచ్చే పిడికెడు సేతు ఇసుక కోసం చూస్తున్న.

నీ మంచి అత్తయ్య


హుస్సేనీ ఆలం,
17 నవంబరు 1995.

శ్రీపాదా, కొంప మునిగింది.

నువ్వు 11న రాసిన ఉత్తరం ఇప్పుడు ముట్టింది. చదువుకుంట చదువుకుంట వాకిట్లనే కూలబడ్డ.

నాలుగు నీళ్ళు కడిగిచ్చిన్రా! జల్లెడ పట్టిచ్చిన! సంకల్పం చెప్పి పూజ చేసిన ఇసుకను! మీ మామ ఇప్పుడు నవ్వుతలేడు. సోమయ్య గద్దెకు దండం పెట్టి దూరంగ నిలబడి, "పలగ్గొట్టి ఇసుక తియ్యాల్నా అమ్మా?" అంటుండు. సిమెంటు పట్టిన ఇసుకను గంగల ఎట్ల కలుపుతం? అయినా తులసమ్మ వచ్చి కూసున్న గద్దెను ఎవడన్న పలగ్గొడతడా?

బాలకిషన్ అన్న ఇంటికి పోయి కాళ్ళు మొక్కినంత పని చేసిన. "నేను చెప్పిన గద చెల్లె" అన్నడు, అంతే.

తప్పు నాది. సగం నీది. నువ్వు ఎన్నడన్న ఒక్క మాట నిజం మాట్లాడితె ఇది గాకపోవు.

అమ్మకు చెప్పకు. ఆమె గుండె పలుగుతది. నువ్వే చడీ చప్పుడు లేకుండ ఒడ్డు మీద ఇంత ఇసుక ఎత్తి పసుపు గుడ్డల కట్టి తే, ఈడ ఖాళీ సంచిల పోస్త. అమ్మ అది ఆ ఇసుకనే అనుకుంటది. దేవుడు నన్ను చూస్కుంటడు తియ్యి.

అత్తయ్య


రామేశ్వరం,
22 నవంబరు 1995.

తులసి గద్దెలో సేతువు కట్టించిన ఘనురాలైన సూర్యప్రభ అత్తయ్యకు,

నువ్వు చెప్పినట్టే చేద్దామనుకున్నాను. నిజం. నీ రెండు ఉత్తరాలూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. సత్రం అరుగు మీద కూర్చుని రెండోది చదువుతుంటే నాయినమ్మ బట్టలు ఆరేస్తూ నా వైపు చూసి, "ఎవరు పోయిండ్రురా?" అంది.

"ఎవరూ పోలేదు నాయినమ్మా."

"మరి ఉత్తరం సదువుకుంట నువ్వు నవ్వుతలెవ్వు. ఎవరు పోయిండ్రో చెప్పు."

ఇరవైనాలుగేళ్ళలో నా ముఖం నవ్వు లేకుండా ఆమె చూడలేదట. ఇక దాచేదేముంది, అంతా చెప్పేశాను. తడి చీర తీగ మీద సగం వేసి అట్లాగే నిలబడిపోయింది.

"తులసి గద్దెలకా?"

"అవును."

"అంతనా?"

"రవ్వ కూడా మిగల్లేదట."

"కడిగిండ్రా?"

"నాలుగు నీళ్ళు."

ఏడుస్తుందేమోనని లేచి దగ్గరికి పోయాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. అత్తయ్యా, నవ్వుతోంది! చీర కిందపడి ఇసుకలో దొర్లింది, అయినా ఆపలేదు. కళ్ళు తుడుచుకుని ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"మీ తాత రోజు గుళ్ళె దండలు కట్టినంక, మిగిలిన పూలు దెచ్చి గా గద్దె మీదనే పెడుతుండె. రామేశ్వరం పోదాం, రామేశ్వరం పోదాం అనుకుంటనే పాయె. ఆయన రాకపాయె గని, రామేశ్వరమే ఆయనింటికి పోయింది. పోనియ్, మంచిగయింది."

చీర ఎత్తి దులుపుతూ, "ఇగ మల్ల తియ్యాలె ఇసుక. గీసారి ఎవ్వరి చేతికియ్య. ప్రయాగకు నేనే పోత" అంది.

"మరి మోకాళ్ళు?" అన్నాను.

"ఇంట్ల కూసుంటెనే నొస్తయిరా అవి. ఈడ ఒక్కనాడన్న అబ్బా అన్ననా?"

ఆలోచించాను. అనలేదు. నువ్వు పెట్టిన నూనె సీసా సంచి అడుగునుంచి తీసి చూశాను. మూతకు నువ్వు చుట్టిన దారం ఇంకా అట్లాగే ఉంది. నెల రోజుల్లో నూనె రాయడం నాకూ గుర్తు రాలేదు, ఆమెకూ అవసరం రాలేదు.

నా మాట నువ్వు నమ్మవు. నమ్మి ఒకసారి, నమ్మక ఒకసారి ఏం జరిగిందో చూశాం. అందుకే ఇందులో ఒక ఫొటో పెడుతున్నాను. ఇవాళ పొద్దున మళ్ళీ ధనుష్కోడి పోయాం, పూజ మళ్ళీ చేయించాం. చేపల వ్యానులో మాతో వచ్చిన ఫొటోగ్రాఫర్ తీసి, సాయంత్రానికే కడిగిచ్చాడు. నెత్తిన సంచితో నవ్వుతున్నది మీ అమ్మ. వెనకాల ఇసుకలో కూలబడి కాళ్ళు పట్టుకున్నది నేను. గల్లీ వాళ్ళ దోసిళ్ళన్నీ మళ్ళీ ఉన్నాయి, కిరాయివాళ్ళది కూడా.

వేణు మామను ఎల్టీసీ మాఘ మాసానికి జరుపుకోమని చెప్పు. ఇది జోకు కాదు. జోకు కాదని ఎట్లా రాస్తే నమ్ముతావో తెలియక ఇక్కడితో ఆపుతున్నాను.

నీ, నిజం మాత్రమే పలికే,
శ్రీపాద


ప్రయాగ,
24 జనవరి 1996.

ఇంటి దగ్గర తులసి గద్దెకు ప్రదక్షిణలు చేస్తున్న అత్తయ్యకు, మాఘ మాసపు చలిలో గంగలో మునిగి పళ్ళు టకటకలాడుతూ శ్రీపాద రాసుకునేది. అక్షరాలు వంకరపోతే తప్పు నాది కాదు.

నీ కూతురు అభిజ్ఞకు పరీక్షలున్నాయని చెప్పి నువ్వు ఆగిపోయావు. ఆ పిల్ల పరీక్షలు మార్చిలో అని నాకూ తెలుసు, నాయినమ్మకూ తెలుసు. రైల్లో నాయినమ్మ నాతో అంది: "పగదాన్ని చూసినట్టు చూసిన దాన్ని. తన జాగ నాకిచ్చింది పిచ్చిది." వచ్చాక నీతో చెప్పదు. అందుకని నేను చెప్తున్నాను.

పొద్దున పడవలో సంగమానికి పోయాం. మెట్లు దిగేటప్పుడు వేణు మామ ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకున్నాం. సగం మెట్లు దిగాక చూస్తే మామ కాలు జారకుండా ఆమే పట్టుకుని ఉంది. నీళ్ళు రెండు రంగుల్లో కలిసే చోట పడవ ఆపించి, ఒడిలో సంచి పెట్టుకుని, ఒక్కో దోసిలి ఒక్కో పేరు చెప్పి వదిలింది. కళావతి, సుగుణమ్మ, కిరాయివాళ్ళు, బాలకిషన్, ఆఖరికి సోమయ్య. తాత పేరు మాత్రం చెప్పలేదు. ఎందుకని అడిగాను. "ఆయనది ఇంటికాడ ఉన్నది గద" అంది.

సంచి ఖాళీ చేసి, తిప్పి దులిపింది. యాత్ర పూర్తయిందని మామ ఊపిరి పీల్చుకుని చేతులు జోడించాడు. నేనూ జోడించాను.

అప్పుడు మీ అమ్మగారు కొంగు చాటునుంచి కొత్త రాగి చెంబు తీశారు. హైదరాబాదులో ఎప్పుడు కొందో, ఎవరి చేత తెప్పించిందో తెలియదు. వంగి దాన్నిండా గంగ ముంచుకుంది. ఒడ్డున ఒకతను మూతకు సీలు వేస్తుంటే పక్కనే కూర్చుని, "పక్కా కరో భాయ్, దూర్ జానా హై" అని, దూరం పోవాలి గట్టిగా వేయమని చెప్పింది.

మామకు ఏదో అనుమానం వచ్చింది. "గంగ చెంబు దేవునర్రల పెట్టుకోనీకే గద అత్తమ్మా?"

"దేవునర్రల పెట్టుకోనీక గాదు బిడ్డా. సేతు ఇసుక గంగల కలిపినంక, గంగ తీస్కపోయి రామేశ్వరం సామి నెత్తిన పొయ్యాలె. అప్పుడు గద యాత్ర అయినట్టు!"

మామ నోరు తెరిచాడు. ఎల్టీసీ మళ్ళీ నాలుగేళ్ళకు గాని రాదు. "ఇది నీకు ముందే తెలుసా?" అన్నాను.

"అందరికి తెలుసు. మీరడగలె, నేను చెప్పలె."

చెంబు ఒడిలో పెట్టుకుని గంగ వైపు చూస్తూ కూర్చుంది. కాళ్ళు బార్లా చాపుకుని, ఎండ కాగుతూ, పెళ్ళికి పోయొచ్చిన మనిషిలా. ఇంత హాయిగా మన ఇంట్లో ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

కనుక జహనుమావాళ్ళకు కబురు పెట్టండి: సన్యాసం పూర్తిగా రద్దయింది, పిల్లను చూడ్డానికి వస్తాం, కాని ముహూర్తం మాత్రం మా రెండో రామేశ్వరం ప్రయాణం చూసుకుని పెట్టాలి. నాయినమ్మ వెంట పోయేది నేనే. ఈసారి ఎవరూ ఖాళీగా ఉన్నానని పంపనక్కర్లేదు, నేనే అడిగాను.

ఇంకో వారానికి బయల్దేరుతున్నాం. ఈ లోపల నువ్వు చేయవలసిన పని ఒక్కటే. మేం బయల్దేరేటప్పటికి సోమయ్య ఇంకా ఏదో పని మీద మన ఇంట్లోనే ఉన్నాడు. అతన్ని కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి, నా పేరు చెప్పకుండా, నీ మాటగానే చెప్పు: నల్లా రాకపోయినా, డ్రమ్ములో చుక్క లేకపోయినా, సిమెంటు ఎండిపోతున్నా సరే, రెండో ప్రయాణం దాకా మేం తెచ్చి దేవునర్రలో పెట్టబోయే సీలు వేసిన రాగి చెంబు జోలికి పోవద్దని.

ఇట్లు,
గంగకు ఒక చేతి కాపలా, నాయినమ్మకు ఒక చేతి ఊత అయిన,
శ్రీపాద